ప్రోటీన్‌లో ఏ రెసిడ్యూ దేన్ని తాకుతోంది? కాంటాక్ట్ ఎనాలిసిస్ మొదటి నుంచి చివరి దాకా

మోండా మార్కెట్‌లో మూడు మూరల మల్లెపూలు కొంటే ఆకులో చుట్టి ఇస్తారు కదా. దారం మీద చూస్తే మొదటి పువ్వెక్కడ, యాభయ్యో పువ్వెక్కడ! పొట్లంలో మాత్రం అవి రెండూ ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి. ప్రోటీన్ కూడా అంతే. అమైనో ఆమ్లాలు ఒకదాని వెనక ఒకటి గొలుసు కట్టి ఉంటాయి, ఆ గొలుసు ముడుచుకున్నాక ఎక్కడెక్కడి రెసిడ్యూలూ (గొలుసులోని ఒక్కో అమైనో ఆమ్లాన్ని రెసిడ్యూ అంటారు) పక్కపక్కకు చేరతాయి. అలా పక్కన చేరిన జతల్ని పట్టుకుని, లెక్కేసి, వాటిలో ఏది పనికొచ్చేదో తేల్చడమే కాంటాక్ట్ ఎనాలిసిస్.

ఇది రాయడానికి కారణం ఒక తమ్ముడు. ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఎమ్మెస్సీ చేస్తున్నాడు, ప్రాజెక్టు సికిల్ సెల్ హిమోగ్లోబిన్ మీద. వాళ్ల చుట్టుపక్కల గూడేల్లో ఈ జబ్బుతో బాధపడేవాళ్లు ఉన్నారు కాబట్టి తనకది ఉత్త ప్రాజెక్టు కాదు. పోయిన ఎండాకాలం తార్నాకలో మా ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచి, "అక్కా, తప్పు ఫైల్ డౌన్‌లోడ్ అయినట్టుంది. రిపోర్టులో మార్పు 7వ స్థానంలో అని ఉంది, ఇందులో 7 దగ్గర మామూలు గ్లూటామేటే ఉంది" అన్నాడు. ఫైల్ సరైనదే. ఎందుకలా కనిపించిందో ముందుకెళ్లాక చెప్తాను. ఆ రోజు సాయంత్రం దాకా కూర్చుని చేసిన పనినే ఇక్కడ వరసగా పెడుతున్నాను.

ఏమేం కావాలి

8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది, అదీ లేకపోతే గూగుల్ కోల్యాబ్‌లో చేసుకోవచ్చు. పైథాన్, అందులో బయోపైథాన్, నంపై అనే లైబ్రరీలు. అమీర్‌పేటలో నెల రోజుల కోచింగ్‌లో నేర్పే పైథాన్ చాలు, అంతకు మించి అక్కర్లేదు. బొమ్మ చూడ్డానికి కైమెరాఎక్స్ గానీ పైమాల్ గానీ పెట్టుకోండి. బొమ్మ చూసే సాఫ్ట్‌వేర్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. అంకెలు మాత్రమే చూసి కాంటాక్టుల గురించి రాసేవాళ్లు ఎక్కడో ఒకచోట తప్పకుండా బోల్తా పడతారు.

ముందు చిన్న ప్రోటీన్‌తో చేయి తిప్పుకోండి

1971లో 7 నిర్మాణాలతో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంక్ (పీడీబీ)లో ఇప్పుడు 2 లక్షలకు పైగా ఉన్నాయి. వాటిలో మీకు కావాల్సినదాని మీదికి నేరుగా దూకకుండా మొదట యుబిక్విటిన్ తీసుకోండి, కోడ్ 1యూబీక్యూ. 1987 నాటి నిర్మాణం, రిజల్యూషన్ 1.8 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటర్‌లో పదో వంతు), ఒకే చెయిన్, 76 రెసిడ్యూలు. దీని గురించి ఇప్పటికే బోలెడంత తెలుసు కాబట్టి మీ కోడ్ తప్పు చేస్తే వెంటనే దొరికిపోతుంది.

రిజల్యూషన్ అంకె ఎంత తక్కువైతే బొమ్మ అంత స్పష్టం. 2 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే సైడ్ చెయిన్ల (ఒక్కో అమైనో ఆమ్లం నుంచి పక్కకు వేలాడే కొమ్మల) కాంటాక్టుల్ని ధైర్యంగా నమ్మొచ్చు. 3 దాటితే వెన్నెముక, అంటే అసలు గొలుసు, ఎటు పోతోందో నమ్మండి, సైడ్ చెయిన్ కొస ఎటు తిరిగిందన్న దాని మీద మాత్రం పెద్ద కథలు కట్టకండి.

ఫైల్ శుభ్రం చేసుకోవడం

ఇక్కడ తొందరపడితే తర్వాత చేసేదంతా వృథా.

1యూబీక్యూ ఫైల్‌లో 602 ప్రోటీన్ ఆటమ్‌లు, వాటితో పాటు 58 నీటి అణువులు ఉంటాయి. ఆ నీళ్లకు కూడా రెసిడ్యూ నంబర్లు ఉంటాయి, 77 నుంచి మొదలవుతాయి. మీ కాంటాక్ట్ లిస్టులో 76 దాటిన నంబర్ కనిపించిందంటే నీళ్లు తీయడం మర్చిపోయారన్నమాట. బయోపైథాన్‌లో రెసిడ్యూ ఐడీలోని మొదటి గడి ఖాళీగా ఉంటే అది మామూలు అమైనో ఆమ్లం, అక్కడ ఏదైనా అక్షరం ఉంటే నీళ్లో, హీమ్ లాంటి మరో అణువో. ఈ ఒక్క షరతుతో వడపోత అయిపోతుంది.

తర్వాత ఆక్యుపెన్సీ చూడండి, అంటే ఆ ఆటమ్ ఆ చోట ఎంత భాగం కనిపించిందో చెప్పే 0 నుంచి 1 దాకా అంకె. ఇదే ఫైల్‌లో చివరి 73 నుంచి 76 దాకా ఆక్యుపెన్సీ 1 కంటే తక్కువ ఉంటుంది. అంటే ఆ తోక కుదురుగా లేదు, స్ఫటికంలో కూడా ఊగుతోంది. దాని కాంటాక్టుల్ని మిగతావాటితో సమానంగా చూడకూడదు. ఇక ఒకే సైడ్ చెయిన్ రెండు రకాలుగా నమోదై ఉంటే బయోపైథాన్ తనంతట తాను ఆక్యుపెన్సీ ఎక్కువున్నదాన్ని ఎంచుకుంటుంది. సొంతంగా ఫైల్ చదివే కోడ్ రాసుకుంటే ఆ ఎంపిక మీరే చేయాలి.

సొంత కోడ్ అంటే గుర్తొచ్చింది. పాత పీడీబీ ఫార్మాట్‌లో లైన్లను స్పేస్ దగ్గర విడగొట్టి చదవకండి. అది నిలువు గళ్ల లెక్క మీద నడిచే ఫార్మాట్: 23 నుంచి 26 దాకా రెసిడ్యూ నంబర్, 31–38 ఎక్స్, 39–46 వై, 47–54 జెడ్, 55–60 ఆక్యుపెన్సీ, 61–66 బీ-ఫ్యాక్టర్ (ఆటమ్ ఎంత ఊగుతోందో చెప్పే అంకె). రెసిడ్యూ నంబర్ నాలుగంకెలైతే పక్కనున్న చెయిన్ అక్షరానికి అతుక్కుపోతుంది, కోఆర్డినేట్ మైనస్ వందల్లోకి పోతే ముందున్న అంకెకు అంటుకుపోతుంది. స్పేస్‌తో విడగొట్టిన కోడ్ చిన్న ప్రోటీన్‌కి చక్కగా నడుస్తుంది, పెద్దదానికి ఒక గడి పక్కకు జరిగి వై స్థానంలో జెడ్ చదువుతుంది. ఎర్రర్ రాదు, జవాబు మాత్రం తప్పుగా వస్తుంది, అదీ అసలు ప్రమాదం.

మిస్సింగ్ రెసిడ్యూలు కూడా చూసుకోవాలి. ఎలక్ట్రాన్ డెన్సిటీ (ఎక్స్‌రే ప్రయోగంలో ఆటమ్‌లు కనిపించే మబ్బు లాంటి మ్యాప్) కనపడని చోట కోఆర్డినేట్లు ఉండవు, రిమార్క్ 465 కింద వాటి జాబితా ఇస్తారు. 40 తర్వాత నేరుగా 47 ఉంటే, లిస్టులో పక్కపక్కన ఉన్నాయి కదా అని వాటిని గొలుసులో పొరుగువాళ్లుగా లెక్కేయకండి.

అసలు కాంటాక్ట్ అంటే ఏమిటి?

ఎక్కువ సేపు ఆగాల్సింది ఇక్కడే. కాంటాక్ట్ అనేది ఫైల్‌లో రాసి ఉండదు. ఎంత దగ్గరైతే తాకినట్టు అనే గీత మీరు గీస్తారు, ఆ గీత ఎక్కడ గీశారన్న దాన్ని బట్టే మీ జవాబులో సగం తేలిపోతుంది. కాబట్టి కోడ్ రాయకముందే నిర్వచనం ఒక వాక్యంలో కాగితం మీద రాసుకోండి. లెక్క చూశాక నచ్చే సంఖ్య వచ్చేదాకా కటాఫ్ (ఆ గీత) మారుస్తూ పోవడం నాకు అస్సలు నచ్చదు, అది సైన్స్ కాదు.

వాడుకలో మూడు పద్ధతులున్నాయి. మొదటిది రెండు రెసిడ్యూల సీ-ఆల్ఫాల (సైడ్ చెయిన్ అతికి ఉండే వెన్నెముక కార్బన్ల) మధ్య దూరం 8 ఆంగ్‌స్ట్రామ్ లోపు ఉంటే కాంటాక్ట్ అనడం. సులువు, వేగం, సైడ్ చెయిన్ సరిగ్గా కనపడని నిర్మాణాల్లో కూడా పనిచేస్తుంది. లోపం ఏమిటంటే సీ-ఆల్ఫాకి సైడ్ చెయిన్ ఎటు చూస్తోందో తెలీదు. హీలిక్స్‌లో (స్ప్రింగులా చుట్టుకున్న ముక్కలో) ఒక రెసిడ్యూకీ దాని తర్వాత రెండోదానికీ సీ-ఆల్ఫాల దూరం సుమారు 5.5 ఆంగ్‌స్ట్రామే, కానీ వాటి సైడ్ చెయిన్లు చెరో వైపు తిరిగి ఉంటాయి. ఒకే అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాటే, కానీ వాళ్ల గుమ్మం అటువైపు, మన గుమ్మం ఇటువైపు. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. లైసీన్ సైడ్ చెయిన్ బాగా పొడవు, దాని కొసనున్న నైట్రోజన్ వెళ్లి ఒక గ్లూటామేట్‌ని గట్టిగా పట్టుకుని ఉండొచ్చు, కానీ వాటి సీ-ఆల్ఫాలు 10 ఆంగ్‌స్ట్రామ్ పైన దూరంలో ఉండొచ్చు. 8 గీత పెడితే ఆ జత లెక్కలోకే రాదు.

రెండోది సీ-బీటాల (సైడ్ చెయిన్లలో మొదటి కార్బన్ల) మధ్య 8 ఆంగ్‌స్ట్రామ్. సైడ్ చెయిన్ ఏ దిక్కున మొదలవుతోందో సీ-బీటాకి తెలుసు కాబట్టి ఇది కాస్త నయం. 1994 నుంచి నడుస్తున్న కాస్ప్ అనే ప్రోటీన్ ఆకారం ఊహించే పోటీల్లో కాంటాక్ట్ ప్రిడిక్షన్లను తూచింది ఈ కొలతతోనే. గ్లైసీన్‌కి సీ-బీటా ఉండదు, అక్కడ సీ-ఆల్ఫా వాడాలి. ఈ ముక్క మర్చిపోతే కోడ్ ఆగిపోతుంది, లేదంటే గ్లైసీన్లన్నిటినీ చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది.

మూడోది హైడ్రోజన్ కాని ఆటమ్‌లలో ఏ రెండైనా 4.5 ఆంగ్‌స్ట్రామ్ లోపు ఉంటే కాంటాక్ట్, కొందరు 5 వాడతారు. నిజంగా తాకుతున్నాయా అని అడిగితే దీనికే నా ఓటు. సికిల్ సెల్ లాంటి ఒక నిర్దిష్టమైన ప్రశ్నకి ఇదే సరైన పద్ధతి. ప్రోటీన్ ముడత మొత్తం ఎలా ఉందో ఒక్క చూపులో చూడాలంటే సీ-బీటా చాలు.

దీనికి ఇంకో షరతు కలపాలి. గొలుసులో పక్కపక్కనున్నవి ఎలాగూ తాకుతూనే ఉంటాయి, పక్కపక్క సీ-ఆల్ఫాల దూరం దాదాపు ఎప్పుడూ 3.8 ఆంగ్‌స్ట్రామే. వాటిని లెక్కేస్తే కొత్తగా తెలిసేదేమీ లేదు. మామూలుగా గొలుసులో 6 నుంచి 11 స్థానాల ఎడం ఉంటే షార్ట్ రేంజ్, 12 నుంచి 23 అయితే మీడియం, 24, ఆ పైన అయితే లాంగ్ రేంజ్ అంటారు. ముడతని నిలబెట్టే అసలు సమాచారం లాంగ్ రేంజ్‌లోనే ఉంటుంది. హీలిక్స్ లోపలి కాంటాక్టులే మీకు కావాలంటే మాత్రం 6 షరతు పెట్టకండి, 3 నుంచే తీసుకోండి.

లెక్క వేయడం

యుబిక్విటిన్‌లో 76 రెసిడ్యూలు, 2,850 జతలు. రెండు లూపులు పెట్టి అన్నీ కొలిచినా క్షణంలో అయిపోతుంది. పెద్దవాటికి అలా కుదరదు. రెండు హిమోగ్లోబిన్లున్న ఫైల్‌లో సుమారు 9 వేల ఆటమ్‌లు, జతలు 4 కోట్ల దాకా పోతాయి. దానికి బయోపైథాన్‌లో నైబర్‌సెర్చ్ అనే క్లాస్ ఉంది, దగ్గర్లోని ఆటమ్‌లను మాత్రమే వెతికే చెట్టు లాంటి అమరిక కట్టుకుంటుంది. శుభ్రం చేసిన ఆటమ్‌ల లిస్టు దానికిచ్చి, సెర్చ్ ఆల్ అనే ఫంక్షన్‌కి 4.5 దూరం ఇచ్చి, లెవెల్ దగ్గర రెసిడ్యూకి ఆర్ అక్షరం పెడితే కాంటాక్ట్ ఉన్న రెసిడ్యూ జతలు వచ్చేస్తాయి. తర్వాత గొలుసులో ఎడం షరతుతో వడపోయండి. రెండు రెసిడ్యూలు వేర్వేరు చెయిన్లవైతే ఆ షరతు వర్తించదు, ఒక చెయిన్‌లో 6కీ ఇంకో చెయిన్‌లో 7కీ మధ్య "ఎడం 1" అనుకుని పారేస్తే మంచి కాంటాక్టులే పోతాయి.

యూనిట్ల గురించి నా అనుభవం చెప్తాను. సిమ్యులేషన్ ఫైళ్లు చదివే ఎండీట్రాజ్ లైబ్రరీతో మొదటిసారి చేసినప్పుడు కటాఫ్ 8 అని పెట్టాను, మ్యాప్ మొత్తం నల్లగా వచ్చింది, ప్రతి రెసిడ్యూ ప్రతిదాన్నీ తాకుతోంది! రెండు రోజులు ట్రాజెక్టరీ (ప్రోటీన్ కదలికల ఫైల్) పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. ఎండీట్రాజ్ నానోమీటర్లలో లెక్కిస్తుంది, 8 నానోమీటర్లంటే 80 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఆ ప్రోటీన్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచినా అంత ఉండదు. అక్కడ పెట్టాల్సింది 0.8.

మ్యాప్ చదవడం

జతలన్నిటినీ 76 అడ్డం, 76 నిలువు గళ్ల బొమ్మలో చుక్కలుగా పెడితే అదే కాంటాక్ట్ మ్యాప్. సగం చూస్తే చాలు, రెండో సగం అద్దంలో ప్రతిబింబం. ఇందులో హీలిక్స్ ఉంటే కర్ణాన్ని అంటిపెట్టుకుని మందపాటి పట్టీలా కనిపిస్తుంది. యుబిక్విటిన్‌లో 23 నుంచి 34 దాకా అదే (అది కనపడాలంటే ఎడం షరతు 3 పెట్టి గీయండి). బీటా పోగులు (సాగదీసినట్టు పక్కపక్కన పరుచుకున్న ముక్కలు) ఎదురెదురు దిక్కుల్లో నడిస్తే కర్ణానికి అడ్డంగా గీత వస్తుంది, ఒకే దిక్కులో నడిస్తే కర్ణానికి సమాంతరంగా వస్తుంది.

నేర్చుకునేవాళ్లకి నేను చూపించే చిట్కా ఒకటుంది. సీ-ఆల్ఫా మ్యాప్‌లో 3–15, 5–13 జతల్ని వెతకండి. రెండిట్లోనూ నంబర్లు కలిపితే 18. కలిపితే ఒకే సంఖ్య వచ్చే జతలు వరసగా ఉన్నాయంటే అక్కడ ఎదురెదురు పోగులున్నట్టు. 44–68, 42–70 కూడా అలాంటివే, కలిపితే 112. ఇప్పుడు 4–65, 6–67 చూడండి, వీటిలో మొత్తం మారుతుంది కానీ తేడా మాత్రం 61 దగ్గరే ఉంటుంది, ఇవి ఒకే దిక్కులో నడిచే పోగులు. ప్రోటీన్ మొదటి ముక్కా చివరి ముక్కా పక్కపక్కన పడుకున్నాయని బొమ్మ చూడకుండానే రెండు అంకెలతో చెప్పేశారు. మొదటిసారి ఇది కళ్ల ముందు తేలినప్పుడు కలిగే ఆనందం వేరు. మీ మ్యాప్‌లో ఈ గీతలు రాకపోతే కోడ్‌లో తప్పుంది, ముందుకు పోకండి.

ఏ రకం కాంటాక్ట్?

తాకుతున్నాయని తెలిశాక ఎలా తాకుతున్నాయో చూడాలి. ప్లస్ ఛార్జ్ నైట్రోజన్‌కీ మైనస్ ఛార్జ్ ఆక్సిజన్‌కీ మధ్య 4 ఆంగ్‌స్ట్రామ్ లోపు ఉంటే సాల్ట్ బ్రిడ్జ్ అంటారు, యుబిక్విటిన్‌లో 27వ లైసీన్, 52వ ఆస్పార్టేట్ అలాంటి జత. హైడ్రోజన్ బాండ్‌కి ఇచ్చే ఆటమ్‌కీ పుచ్చుకునే ఆటమ్‌కీ మధ్య 3.5 లోపు దూరం, దాంతో పాటు కోణం కూడా చూడాలి. ఎక్స్‌రే నిర్మాణాల్లో చాలావరకు హైడ్రోజన్లు ఉండవు, కైమెరాఎక్స్‌లో కలుపుకోవాలి. డైసల్ఫైడ్ అయితే రెండు సల్ఫర్ల మధ్య దాదాపు 2.05, ఇందులో సందేహానికి తావే లేదు. ఆ సల్ఫర్లు సిస్టీన్ అనే అమైనో ఆమ్లానివి, యుబిక్విటిన్‌లో సిస్టీనే లేదు కాబట్టి అక్కడ డైసల్ఫైడ్ వచ్చిందంటే మీరు వేరే ఫైల్ తెరిచారు.

ఆస్పరజీన్, గ్లూటమీన్, హిస్టిడీన్ల విషయంలో ఒక జాగ్రత్త. ఎలక్ట్రాన్ డెన్సిటీలో నైట్రోజన్, ఆక్సిజన్, కార్బన్ దాదాపు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఈ సైడ్ చెయిన్ల కొస 180 డిగ్రీలు తిరగేసి పెట్టి ఉండే అవకాశం ఉంది. రెండు ఆక్సిజన్లు ఒకదానికొకటి ఎదురుగా కూర్చున్నట్టు కనపడితే ముందు దీన్నే అనుమానించండి.

ఇక సికిల్ సెల్

తమ్ముడి ఫైల్ 2హెచ్‌బీఎస్, 2.05 ఆంగ్‌స్ట్రామ్, ఆక్సిజన్ లేని స్థితిలో ఉన్న సికిల్ హిమోగ్లోబిన్. ముందు నంబర్ల గొడవ తీరుద్దాం. బీటా గ్లోబిన్ జన్యువు ప్రకారం మొదటి అమైనో ఆమ్లం మెథియోనీన్, అది తర్వాత తెగిపోతుంది. జన్యు రిపోర్టు ఆ మెథియోనీన్‌ని 1గా లెక్కేస్తుంది, పీడీబీ ఫైల్ దాని తర్వాతి వాలీన్‌ని 1గా లెక్కేస్తుంది. అందుకే రిపోర్టులో 7 అన్నది ఫైల్‌లో 6. పైగా మామూలు హిమోగ్లోబిన్‌లో 6, 7 రెండూ గ్లూటామేట్లే. జబ్బులో 6 వాలీన్‌గా మారుతుంది, 7 గ్లూటామేట్‌గానే మిగులుతుంది. తమ్ముడు 7 మీద నొక్కి చూసి మార్పే లేదనుకున్నాడు. అందుకే నంబర్ ఒక్కటే నమ్మకుండా చుట్టూ ఉన్న నాలుగైదు అక్షరాల వరసని కూడా సరిపోల్చుకోవాలి: త్రియోనీన్, ప్రోలిన్, వాలీన్, గ్లూటామేట్, లైసీన్ అని కనపడితే మీరు సరైన చోటే ఉన్నారు.

ఈ ఫైల్‌లో రెండు హిమోగ్లోబిన్లు పక్కపక్కన ఉంటాయి, ఒక్కోదానిలో 141 రెసిడ్యూల ఆల్ఫా చెయిన్లు రెండు, 146 రెసిడ్యూల బీటా చెయిన్లు రెండు. అంటే 6వ వాలీన్లు మొత్తం నాలుగు. నాలుగింటికీ విడివిడిగా 4.5 కటాఫ్‌తో వేరే హిమోగ్లోబిన్‌లో ఎవరు తగులుతున్నారో చూడండి. ఒక హిమోగ్లోబిన్‌లోని రెండు వాలీన్లలో ఒకటే ఈ పని చేస్తుంది, అది వెళ్లి పక్క హిమోగ్లోబిన్ బీటా చెయిన్‌లో 85వ ఫినైలాలనీన్, 88వ ల్యూసీన్ కలిసి చేసిన చిన్న గుంటలో దిగుతుంది. నూనె నూనెతో కలిసినట్టు నీళ్లంటే పడనివి ఒకచోట చేరడమే. అలా ఒకదానికొకటి అతుక్కుంటూ పొడవాటి పోగులై ఎర్ర కణాన్ని కొడవలిలా వంచేస్తాయి. 2హెచ్‌హెచ్‌బీ అనే మామూలు హిమోగ్లోబిన్ తెరిచి అదే 6 దగ్గర గ్లూటామేట్‌ని చూడండి, ఛార్జ్ ఉన్న ఆ కొసకి అలాంటి గుంటలో చోటుండదు.

ఇక్కడే పుస్తకాల్లోని ఒక సలహాని పక్కన పెట్టాల్సి వస్తుంది. స్ఫటికంలో పక్క అణువుతో ఉన్న కాంటాక్టులు కృత్రిమం, వాటిని వదిలేసి బయలాజికల్ అసెంబ్లీనే (శరీరంలో నిజంగా పనిచేసే రూపాన్నే) తీసుకోండి అంటారు. చాలా ప్రోటీన్లకి అది మంచి సలహానే. కానీ ఇక్కడ అసెంబ్లీ పేరుతో ఒక్క హిమోగ్లోబిన్‌నే ఉంచుకుంటే జబ్బుకి మూలమైన కాంటాక్టే మాయమవుతుంది. ఏ కాపీ ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది మీ ప్రశ్నను బట్టి నిర్ణయించుకోండి. పొరుగు కాపీ ఫైల్‌లో లేకపోతే కైమెరాఎక్స్‌లోనో పైమాల్‌లోనో సిమెట్రీ కాపీలు తయారు చేసి చూడాలి.

బొమ్మలో ఆ వాలీన్‌ని, గుంటని దగ్గరికి లాగి చూపించినప్పుడు తమ్ముడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇంత చిన్నదా అక్కా" అన్నాడు.

ఒకటికి మించి నిర్మాణాలుంటే

యుబిక్విటిన్‌కే ఎన్ఎమ్ఆర్ (స్ఫటికం లేకుండా ద్రావణంలో చూసే పద్ధతి) నిర్మాణం 1డీ3జెడ్ ఉంది, అందులో 10 మోడల్స్. మొదటి మోడల్ మాత్రమే చదివి ఆపేయకండి. ప్రతి కాంటాక్ట్ పదింటిలో ఎన్నిట్లో ఉందో లెక్కేయండి, పదికి పది వచ్చినవి గట్టివి, రెండు మూడు వచ్చినవి ఊగేవి. సిమ్యులేషన్ ట్రాజెక్టరీ అయినా ఇదే పద్ధతి, ఫ్రేముల్లో ఎంత శాతం అని చెప్పాలి.

ఆల్ఫాఫోల్డ్ (అమైనో ఆమ్లాల వరస నుంచి ఆకారం ఊహించే ఏఐ) మోడల్ వాడితే రెండు విషయాలు. నంబర్లు మెథియోనీన్ నుంచి మొదలవుతాయి, కాబట్టి పైన చెప్పిన 6, 7 తకరారు మళ్లీ వస్తుంది. బీ-ఫ్యాక్టర్ గడిలో ఉండేది ఊగుడు కాదు, మోడల్‌కి తన మీద తనకున్న నమ్మకం, 100కి మార్కులు. బీ-ఫ్యాక్టర్ ఎక్కువైతే జాగ్రత్తపడాలి, ఇక్కడ తక్కువైతే జాగ్రత్తపడాలి. 70 కంటే తక్కువున్న రెసిడ్యూల కాంటాక్టుల్ని నేనైతే లెక్కలోంచి తీసేస్తాను.

ఒప్పుకునే ముందు చివరి పరీక్ష

కటాఫ్ 4, 4.5, 5 మూడింటితోనూ నడపండి. సంఖ్యలు మారతాయి, మారాలి కూడా. మీరు చెప్పబోయే ముఖ్యమైన మాట మాత్రం మూడింట్లోనూ నిలబడాలి. 4.5లో మాత్రమే కనపడి 4లోనూ లేక, 5లో వేరేవాటి గుంపులో కలిసిపోయే తేడా మీద థీసిస్ కట్టొద్దు. తర్వాత లిస్టులోంచి ఒక పది జతల్ని ఎలా పడితే అలా ఎంచుకుని, ఒక్కోదాన్నీ బొమ్మలో తెరిచి, మౌస్‌తో దూరం కొలిచి, కోడ్ ఇచ్చిన అంకెతో సరిచూడండి. అరగంట పని.

మెథడ్స్‌లో ఇలా ఒక్క ముక్క రాస్తే చదివేవాళ్లు మీ లెక్కని తిరిగి చేయగలరు: "2హెచ్‌బీఎస్ ఫైల్‌లోని రెండు హిమోగ్లోబిన్లూ తీసుకున్నాం, నీళ్లూ హీమూ తీసేశాం, హైడ్రోజన్ కాని ఏ రెండు ఆటమ్‌ల మధ్యనైనా 4.5 ఆంగ్‌స్ట్రామ్ లోపు ఉంటే కాంటాక్ట్. ఒకే చెయిన్‌లో కనీసం 6 స్థానాల ఎడం, వేర్వేరు చెయిన్లకి ఎడం షరతు లేదు. నంబర్లు మెథియోనీన్ తెగిన తర్వాతి ప్రోటీన్ ప్రకారం." తమ్ముడు ఈ వాక్యాన్ని ఇంటికి పోయి రాస్తానన్నాడు. వద్దు, ఇక్కడే రాయి అని కూర్చోబెట్టి రాయించాను, తర్వాతే టీ పెట్టాను.